మన వీరుల సిరీస్ కి మనిషి దొరికింది

మామా,

ఫోన్ లో మొదలుపెడితే ఎటో పోతది మాట, అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు. వీరుల మీద కామెడీ ఫాంటసీ సిరీస్ అనుకున్నాం కదా, అది ఇప్పుడు ఒక దారికొచ్చింది రా, నాకైతే రాత్రి నిద్ర పడ్తలేదు.

పుట్టుమచ్చ, జోస్యం, గడ్డం గురువు, తాతల నాటి కత్తి, వీడు నడిస్తేనే వీచే గాలి, ఇవన్నీ వరసపెట్టి వెక్కిరిస్తే మొదటి ఎపిసోడ్ కి నవ్వుతరు, మూడో దానికి ఆవలిస్తరు. ఈ వీరుల్ని రోజూ దగ్గర్నుంచి చూసే మనిషి ఒకరు కావాలి. దొరికింది. రఫూ చేసే ఆవిడ.

కోట కింద గల్లీలో చిన్న కొట్టు ఆమెది. యుద్ధం నుంచి వచ్చిన ఏ వీరుడైనా ముందు అక్కడికే రావాలి, చిరిగిన అంగీతో రాజు ముందుకి పోలేడు కదా. ఆమె బట్టని దీపానికి ఎత్తిపట్టి చూస్తది, చిరుగు రొమ్ము మీదుందా వీపు మీదుందా అని. కత్తి కోత అయితే నీట్ గా ఉంటది, ముళ్ళకంపకి తగులుకుంటే పోగులు పోగులు లేచి ఉంటది, ఇక వాడు ఎన్ని కథలు చెప్పినా ఆమెకి అర్థమైపోతది. ఏమనదు. అదే బట్ట అంచులోంచి పోగు లాగి, సన్న సూదికెక్కించి, కుట్టిన ఆనవాలు లేకుండా అల్లేస్తది. వీపు చిరుగుకి మాత్రం డబుల్ రేటు, బయట చెప్పనందుకు కూడా కలిపి. ఆ ఊళ్ళో వీరుల పేర్లన్నీ ఆమె సూది మీద నిలబడ్డవే అన్నమాట.

కోట గోల్కొండ లాంటిదే పెడదాం. ఫతే దర్వాజా గోపురం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో పైన బాలా హిస్సార్ లో వినపడ్తది కదా, మన కోటలో మాటలు కూడా వినపడ్తయి అనుకుందాం. మన వీరుడు అర్ధరాత్రి ఎవరూ లేరనుకుని సరిగ్గా ఆ గోపురం కింద నిలబడి తెల్లారి సభలో కొట్టాల్సిన డైలాగ్ ప్రాక్టీస్ చేస్తడు, ఒకసారి గంభీరంగా, ఒకసారి పళ్ళు కొరుకుతూ, మధ్యలో దగ్గొస్తది, మళ్ళీ మొదట్నుంచి. పైన కాపలావాళ్ళు రాత్రంతా విన్నరు. పొద్దున సభలో వీడు నోరు తెరవగానే మిగతా డైలాగంతా కాపలావాళ్ళే అందుకుంటరు, దగ్గుతో సహా!

నువ్వన్న మాట్లాడే కత్తి మాత్రం వద్దు రా. కత్తే జోకులేస్తే మనుషులకి పనుండదు. మధ్యమధ్యలో నవ్వించడానికి గుర్రం కాసే మొగుడూ పెళ్ళాం ఉంటరు, తోలుబొమ్మలాటలో రామరావణుల కథ నడుస్తుంటే కేతిగాడు బంగారక్క దూరి గొడవ పెట్టుకుంటరు చూడు, అట్లా.

ఇక అసలు సంగతి. విరాటపర్వం మళ్ళీ ఒకసారి చూడు. ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు, సారథి ఒక్కడు దొరికితే చాలు కౌరవుల సంగతి తేలుస్తా అంటడు, సైన్యం కంటపడగానే రథం దూకి పరుగు. బృహన్నల వెంటపడి పట్టుకొస్తది. మనోళ్ళు ఇక్కడిదాకా చెప్పి నవ్వి వదిలేస్తరు, ఉత్తరకుమార ప్రగల్భాలు అని వాడుక కూడా పడిపోయింది. కానీ తర్వాత ఆ రథం తోలింది ఎవరు? వాడే. అర్జునుడి సమ్మోహనాస్త్రానికి భీష్ముడు తప్ప అందరూ సోయి లేకుండా పడిపోతే, బొమ్మలకి బట్టలు తెమ్మని చెల్లెలు అడిగింది కదా, ఆ సైన్యం మధ్యలోకి దిగి ద్రోణుడి తెల్లబట్టలు, కర్ణుడి పసుపుపచ్చ బట్టలు తీసుకొచ్చింది కూడా వాడే. ఆఖరికి కురుక్షేత్రంలో మొదటి రోజే ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయి చచ్చిపోయిండు. ఈసారి పారిపోలేదు మామా. అది తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తది.

అందుకే భయపడ్డోణ్ణి మనం ఏడిపించొద్దు. భయమే తెల్వదని డప్పు కొట్టుకునేటోణ్ణి మాత్రం వదలొద్దు. కథలో ఒక పిల్లగాడు వస్తడు, వీపు మీద చిరుగుతో, నేను పారిపోయిన అక్కా అని వాడే చెప్తడు. పైసలొద్దు, ఊరికే కుడతా అంటది ఆమె. అయినా చిరుగు కుట్టనీయకుండా వాడు అట్లనే సభకి పోతడు, ఆ సీన్ తోనే మొదటి భాగం ఆపుదాం అనుకుంటున్నా, ఏమంటవ్?

బొమ్మలు నీ చేతివే కావాలి, ముందు ఆమె కొట్టు గియ్. ఊరికే ఊహించి గీయకు, వచ్చే ఆదివారం ఇటు రా, పాతబస్తీలో రఫూ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోతా, ఆయన పోగు ఎట్లా లాగుతడో, సూది ఏ వేళ్ళతో పట్టుకుంటడో దగ్గర కూర్చుని చూద్దువు. పొద్దున్నే రా, మధ్యాహ్నం అయితే కొట్టు మూసేస్తడు.