నైట్రో కారు ఇంజిన్‌కి హోనింగ్ వద్దు

సంపాదకులు గారికి,

రిమోట్ మీద నడిచే నైట్రో కారు (నైట్రో ఇంధనంతో పరుగెత్తే బొమ్మకారు) ఇంజిన్ మొరాయిస్తే, పర్లాకిమిడిలోనైనా బరంపురంలోనైనా తీసుకెళ్లేది మోపెడ్ మెకానిక్ దగ్గరికే. వాళ్ల పనితనం మీద మాకు గౌరవం ఉంది. కానీ టూ-స్ట్రోక్ అనగానే లూనాకి చేసినట్టే దీనికీ చేయబోతే బాగుపడాల్సిన ఇంజిన్ కాస్తా పనికిరాకుండా పోతుంది. మీ జిల్లా పేజీని మెకానిక్కులూ చదువుతారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

అన్నిటికంటే ముందు బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం సంగతి. ఈ ఇంజిన్లలో చాలావాటికి పిస్టన్ రింగు ఉండదు. ఇత్తడి స్లీవ్ (పిస్టన్ ఆడే గొట్టం), దాని లోపల క్రోమ్ పూత, అందులో అల్యూమినియం పిస్టన్, అంతే. స్లీవ్ లోపలి వ్యాసం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకే చల్లని ఇంజిన్‌ని చేత్తో తిప్పితే పిస్టన్ పైన బిగుసుకుంటుంది. దీన్ని పించ్ అంటారు. వేడెక్కాక స్లీవ్ వ్యాకోచించి రెండూ సరిగ్గా కుదురుతాయి. ఆ బిగువును జామ్ అనుకుని లేత్ షాపులో హోనింగ్ (లోపలి గోడను రాయితో అరగదీయడం) చేయించినా, ఎమరీ కాగితంతో రుద్దినా క్రోమ్ పోతుంది, ఆ వాలూ పోతుంది. ఓవర్‌సైజు పిస్టన్ వేద్దామంటే ఈ రకంలో దొరకదు. ఇక మిగిలేది కొత్త స్లీవ్-పిస్టన్ సెట్టు కొనడమే. ఒక సెట్టు పిస్టన్‌ని ఇంకో సెట్టు స్లీవ్‌లో వేయకూడదు.

అరిగిందో లేదో తెలియాలంటే స్లీవ్ బయటికి తీసి, రెండూ శుభ్రంగా తుడిచి, నూనె లేకుండా పిస్టన్‌ని కింది నుంచి బొటనవేలితో తోయాలి. పై అంచు ఇంకా దూరంగా ఉండగానే పట్టేస్తే మంచిదే. అడ్డూ ఆపూ లేకుండా అంచుదాకా వెళ్లిపోతే అరిగినట్టే. సైలెన్సర్ రంధ్రం పక్కన క్రోమ్ లేచి ఇత్తడి పసుపు కనిపించినా ఆ స్లీవ్ పక్కన పెట్టేయాలి.

అసలు మన ప్రాంతంలో పిస్టన్ కంటే ముందు పోయేవి బేరింగులు. నైట్రో ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. మండగా మిగిలినది ఉక్కును తినేస్తుంది. గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం వైపు ఉప్పుగాలి, దానికి తోడు నాలుగు నెలల వాన. ఆడించి అలాగే అల్మరాలో పెడితే వెనక బేరింగు తుప్పు పడుతుంది. క్రాంకును తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడొచ్చినా, బ్యాక్‌ప్లేట్ (ఇంజిన్ వెనక మూత) తీయగానే గోధుమరంగు నూనె కనిపించినా బేరింగులు మార్చాల్సిందే.

3.5 సీసీ ఇంజిన్లలో ముందు బేరింగు ఎక్కువగా 7×19×6 మిల్లీమీటర్లు. అంటే 607 నంబరుది, ఏ బేరింగు షాపులోనైనా ఇస్తారు. సీ3 క్లియరెన్సుది, అంటే లోపల మామూలు కంటే కాస్త వదులు ఉండేది అడగాలి. లోపలివైపు మూత తీసేస్తే నూనె అందుతుంది, బయటి మూత ఉంచాలి. వెనకది మాత్రం 14×25.4×6. ఆ 25.4 అంగుళం కొలత కాబట్టి మామూలు కొట్లో ఉండదు, ముందే తెప్పించుకోవాలి. 2.1 సీసీ ఇంజిన్ అయితే కొలతలు వేరు. అందుకే కొనబోయే ముందు పాతదాన్ని వెర్నియర్‌తో కొలవండి.

విప్పే పనికి మంచి అలెన్ డ్రైవర్లు, ఫ్లైవీల్ పుల్లర్, ప్లగ్ స్పానర్, హీట్ గన్ కావాలి. ఫ్లైవీల్ నట్టు విప్పడానికి సైలెన్సర్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ని ఆపడం చాలామంది చేసే పని. ఆ ఒక్క దెబ్బతో పిస్టన్ అంచు చితుకుతుంది, స్లీవ్ గీతపడుతుంది. ఫ్లైవీల్‌నే పట్టుకునే పనిముట్టు వాడాలి. కార్బురేటర్ సూదులు (ఇంధనం ఎంత పోవాలో సరిచేసే స్క్రూలు) తీసే ముందు పూర్తిగా బిగిస్తే ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో రాసుకోవాలి.

హెడ్డు తీశాక స్లీవ్ రాకపోతే కేసును (ఇంజిన్ అల్యూమినియం ఒంటిని) వేడిచేసి, నైలాన్ కేబుల్ టై మడత ఒకటి సైలెన్సర్ రంధ్రం గుండా పిస్టన్ నెత్తి మీదికి పెట్టి క్రాంకును మెల్లగా తిప్పండి. పిస్టనే స్లీవ్‌ని పైకి నెడుతుంది. తర్వాత కనెక్టింగ్ రాడ్డును క్రాంకు పిన్ను నుంచి వెనక్కి జరిపి, పిస్టన్‌తో కలిపి పైనుంచి తీయాలి. రాడ్డు ఏ ముఖం క్రాంకు వైపు ఉందో మార్కరుతో గుర్తు పెట్టండి.

బేరింగులను సుత్తితో కొట్టి తీయకండి. కార్బురేటర్, ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు) అన్నీ తీసేసి, కేసును సుమారు 150 డిగ్రీల వేడిలో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి చెక్క మీద బోర్లించి తడితే వెనక బేరింగు దానంతట అదే రాలుతుంది. ముందుదాన్ని లోపలి నుంచి కర్రముక్కతో నెడితే చాలు. కొత్తవాటిని గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి, కేసు వేడిగా ఉండగానే, క్రాంకును ఆసరాగా పెట్టి నిటారుగా దించాలి. కేసును కాస్టిక్ సోడాలో నానబెట్టకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.

బిగించేటప్పుడు స్లీవ్ అంచున ఉన్న గాడి కేసులోని పిన్నుకి కూర్చోవాలి. పిస్టన్ పిన్ను క్లిప్పు మాత్రం కొత్తదే వేయండి. పాతది ఊడితే స్లీవ్ చీరుకుపోతుంది. హెడ్డు కింది షిమ్ములు (పలుచని రింగులు) ఎన్ని ఉన్నాయో అన్నీ తిరిగి పెట్టి, స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. బ్యాక్‌ప్లేట్ ఓ-రింగు, కార్బురేటర్ కింది ఓ-రింగు గట్టిపడి ఉంటే మార్చండి. అక్కడ గాలి లీకైతే గాలి పాలు పెరిగి, ఇంధనం చాలక ఇంజిన్ వేడెక్కుతుంది, సూది ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలవదు.

ఇందులో 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బళ్ల నూనె) కలిపిన పెట్రోలు పోసి స్టార్టు కాలేదనడం ఇంకో పొరపాటు. దీనికి ఉండే గ్లో ప్లగ్‌కి స్పార్కు లేదు. దానిలోని ప్లాటినం తీగ మీద మిథనాల్ ఆవిరి చర్య జరగడం వల్లే ఆ తీగ ఎర్రగా నిలుస్తుంది. పెట్రోలుతో అది జరగదు.

కొత్త సెట్టు వేశాక చల్లగా స్టార్టు చేయకండి. పించ్ బిగువంతా రాడ్డు మీద పడి కింది బుష్ సాగుతుంది. హెయిర్ డ్రయర్‌తో హెడ్డును బాగా వేడిచేసి, ఇంధనం కాస్త ఎక్కువ అందేలా సూది పెట్టి, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపాలి. పిస్టన్‌ని అడుగున ఉంచి పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా కొన్నిసార్లు చేశాకే వేగం పెంచాలి. ఉష్ణోగ్రత 90 డిగ్రీల కంటే బాగా కిందికి పోతే మేలు కన్నా నష్టమే ఎక్కువ. నడిచే ఇంజిన్‌కి ప్లగ్ దగ్గర 100 నుంచి 120 దాకా ఫర్వాలేదు. ఆట ముగియగానే ఇంధనం గొట్టం నొక్కి మిగిలినది కాలిపోనిచ్చి, ప్లగ్ రంధ్రంలోనూ కార్బురేటర్‌లోనూ ఆఫ్టర్-రన్ ఆయిల్ (ఆట అయ్యాక వేసే నూనె) చుక్కలు వేసి తిప్పితే తుప్పు పట్టదు.

మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయకండి. దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు, కాబట్టి పని చేసేచోట పక్కనే నీళ్ల బకెట్ ఉంచుకోండి. పిల్లలు పొరపాటున తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లి, మిథనాల్ అని డాక్టరుకు చెప్పండి.

ఇట్లు,
చిన్న ఇంజిన్ల పని చేసేవాళ్లం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా