బాత్‌రూమ్ గోడకి గ్రాబ్ బార్ బిగించిన మేస్త్రి గారికి

అమ్మ తుంటి ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. వాకర్ పట్టుకుని మంచం నుంచి హాల్లోకి వస్తోంది. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. అన్నయ్యా, వదినా, పిల్లలూ, మీకు వేరే చెప్పాలా, మీరున్నారు కాబట్టే గడిచింది. ఈ పోస్టు మాత్రం టైల్స్ పని చేసే ఒక మేస్త్రి గారి కోసం.

గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేవడానికి గోడకి వేసే కడ్డీ, బిగించమని పిలిస్తే ఆయన వెంటనే డ్రిల్లు బయటికి తీయలేదు. "పెద్దమ్మా, ఒక్కసారి కూర్చుని లేవండి. చెయ్యి ఎటు పోతుందో చూస్తా" అన్నారు. కమోడ్ మూత మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు అమ్మ అరచెయ్యి గోడని వెతుక్కున్న చోట పెన్సిల్‌తో గీత పెట్టారు. మామూలుగా నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో పెడతారు. అమ్మ పొట్టి, గీత 30 దగ్గర పడింది. అక్కడే బిగించారు. ఆసుపత్రిలో అందరూ ఆమె తల మీదుగా మాతో మాట్లాడినవాళ్లే. ఆమెనే అడిగి, ఆమె చేతి కొలతకి పని చేసింది ఈయన. అన్నాళ్లూ బిగబట్టుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు.

ఆయన పని చూసినవాళ్లకి బార్లు ఎందుకు ఊడొస్తాయో అర్థమవుతుంది. పెట్టెలో వచ్చే చిన్న స్క్రూ టైలు, దాని వెనక సిమెంటు దాటి గోడలోకి వెళ్లదు. పట్టంతా ప్లాస్టరింగ్‌లోనే ఉంటుంది, మనిషి బరువు పడగానే పెచ్చుతో సహా వస్తుంది. ఆయన వేలి గణుపులతో టైలు కొట్టి డొల్ల శబ్దం వచ్చిన చోటు వదిలేశారు. టైలు దాటేదాకా డ్రిల్లులో సుత్తిలా కొట్టే హ్యామర్ ఆపేసి, నీళ్లు చుక్కలుగా పోస్తూ మెల్లిగా తొలిచారు, లేకపోతే పగులుతుంది. తర్వాత వచ్చే దుమ్ము చూశారు. ఎర్రగా వస్తే ఇటుక, స్టీలు స్క్రూ, మంచి ప్లగ్గు చాలు. మాకు తెల్లగా, పిండిలా వచ్చింది. ఏఏసీ బ్లాకు, అంటే లోపలంతా గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుక. అందులో మామూలు ప్లగ్గు నిలవదు. పని ఆపి, బజారుకెళ్లి కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో గట్టిపడి బోల్టుని పట్టుకునే జిగురు మందు, తెచ్చారు. రంధ్రంలో దుమ్ము బ్రష్షుతో, గాలితో పూర్తిగా తీశాకే మందు ఎక్కించారు. దుమ్ముంటే అంటుకోదు. "రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి, మర్నాడు పిలవకుండానే వచ్చి, రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేసి వేలాడి చూశారు.

గాలి పీల్చి అంటుకునే బార్ కూడా కొనిపెట్టాం. దాన్ని పక్కన పడేశారు. టైలు జాయింటు మీద పడ్డా, సబ్బు తడి చేరినా అది చెప్పకుండా ఊడుతుంది. టవల్ రాడ్డు కూడా మనిషి బరువుకి చేసింది కాదు. బార్ లావు 32 నుంచి 38 మిల్లీమీటర్లు ఉండాలి, గోడకీ దానికీ మధ్య అంగుళంన్నర సందు ఉండాలి. సందు మరీ ఎక్కువైతే జారినప్పుడు మోచెయ్యి ఇరుక్కుంటుంది.

తలుపు సంగతి మేము అడగనే లేదు. అది లోపలికి తెరుచుకునేది, లోపల మనిషి పడి అడ్డంగా ఉంటే బయటి నుంచి తోయలేం. వడ్రంగిని పిలిపించి బయటికి తెరుచుకునేలా తిప్పించారు, గడియ తీసి బయటి నుంచి నాణెంతో తిప్పగలిగే లాక్ పెట్టించారు. కూలి అడిగితే సామాను ఖర్చూ ఒక పూట కూలీ తీసుకున్నారు, అంతే.

కోపం కూడా చెప్పాలి. ఆపరేషన్‌కి లక్షలు ఇచ్చిన ఇన్సూరెన్స్ వాళ్లు వాకర్‌కీ కమోడ్ కుర్చీకీ పైసా ఇవ్వలేదు, లిస్టులో లేవట. మళ్లీ పడి వస్తే మళ్లీ లక్షలిస్తారు కాబోలు. డిశ్చార్జి కాగితంలో "పడకుండా జాగ్రత్త వహించాలి" అని ఒక్క ముక్క. ఎలా వహించాలో ఎవరూ చెప్పరు. బీపీ మాత్రలు వేసుకునే మనిషికి నిలబెట్టి బీపీ చూడాలన్న ఆలోచన వార్డులో ఎవరికీ రాలేదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే లేవగానే కళ్లు తిరిగేది అందుకే. ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి చూసింది. అమ్మకి 20 కంటే ఎక్కువే తగ్గింది. డాక్టరు గారు మాత్రల మోతాదు మార్చారు. ఫిజియో అమ్మాయీ, నీకూ నమస్కారం.

మర్చిపోయాను, మందుల షాపు అబ్బాయి! నిద్రమాత్ర, జలుబు మాత్ర ఒకే రాత్రి వేస్తున్నారని చీటీ చూసి పట్టుకుని, డాక్టర్‌ని అడిగి రమ్మని వెనక్కి పంపాడు. రాత్రి ఆయా, పేరు కూడా అడగలేదు, అమ్మని లేపేటప్పుడు చంకల్లో చేతులేసి లాగొద్దని మాకు నేర్పింది. రెండో ఫ్లోర్ ఆంటీ గారు రాత్రిపూట మనిషి కదలగానే వెలిగే లైటు తెచ్చిచ్చారు. ఇంకా చెప్పులు కుట్టే పెద్దాయన, అమ్మ చెప్పులకి మడమ వెనక పట్టీ వేసి అరిగిన అడుగు మార్చారు. చిల్లర లేక ఆయనకి ఇంకా నలభై రూపాయలు బాకీ, రేపు ఇచ్చి వస్తాను.