కలబార్ చిక్కుడు కథలో సగమే చెప్పారు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో వింత మొక్కల గురించి వేసిన పేజీలో కలబార్ చిక్కుడు కూడా ఉంది. పుర్రె బొమ్మ పక్కన, ఆఫ్రికాలో మంత్రగత్తెల్ని పట్టుకోవడానికి తినిపించే విషపు గింజ అని నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ కథ సగం దగ్గర ఆపేశారు, మిగిలిన సగమేమో మన పత్తి చేల దాకా వచ్చింది, అందుకే చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మొక్క సంగతి. శాస్త్రీయ నామం ఫైసోస్టిగ్మా వెనెనోజమ్. పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా నైజీరియా ఆగ్నేయ మూలన కలబార్ వైపు, ఏటి ఒడ్డున చిత్తడి నేలల్లో చెట్ల మీదికి అల్లుకుని పెరిగే తీగ. తీగ అంటే మన పందిరి చిక్కుడంత అనుకోకండి, కాండం మానులా గట్టిపడుతుంది, 15 మీటర్ల ఎత్తు దాకా పాకుతుంది. కుటుంబం మాత్రం చిక్కుడు, అలసందలదే: మూడేసి ఆకులు, వేలాడే గుత్తుల్లో ఊదా రంగు పూలు, కీలాగ్రం దగ్గర ముక్కులా వంగిన చిన్న భాగం. ఒక్కో కాయలో రెండు మూడు గింజలే ఉంటాయి. గింజ అంగుళం పైన పొడవు, ముదురు చాక్లెట్ రంగు, మూత్రపిండం ఆకారం, ఉబ్బెత్తు అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి గాడి. ఆ గాడి చూసి గింజను ఇట్టే గుర్తుపట్టొచ్చు. నీళ్లలో తేలుతుంది కాబట్టి ఏరే దాన్ని మోసుకెళ్లి ఇంకోచోట మొలిపిస్తుంది.

అక్కడి ఎఫిక్ ప్రజలు దాన్ని ఎసెరె అనేవారు. నేరం మోపినవాళ్లకు గింజలు నూరి నీళ్లలో కలిపి తాగించేవారు, వాంతి చేసుకుని బతికితే నిర్దోషి, చనిపోతే దోషి. తప్పు చేయనివాడు ధైర్యంగా గటగటా తాగేస్తాడు కాబట్టి కక్కేస్తాడని, తప్పు చేసినవాడు భయపడుతూ కొంచెం కొంచెం తాగడం వల్ల విషం ఒంటికి పడుతుందని తర్వాత కొందరు దానికి వివరణ ఇచ్చారు. నాకది నచ్చదు. భయం దోషులకే ఉంటుందా? ఎంతమంది అమాయకులు పోయి ఉంటారో. ఆ ఆచారాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. అయితే ఈ గింజ ఎంత పదునైనదో లోకంలో అందరికంటే ముందు తెలిసింది వాళ్లకే, వైద్యశాస్త్రం ఆ తీగ చివర పట్టుకున్నది వాళ్ల దగ్గరే.

మిషనరీల ద్వారా గింజలు స్కాట్లాండు చేరాయి. 1855లో ఎడిన్‌బరో ప్రొఫెసర్ రాబర్ట్ క్రిస్టిసన్ ఒక ముక్క తానే తిని చూశాడు, తల తిరిగి ఒళ్లంతా నీరసం కమ్మేస్తుంటే గడ్డం గీసుకున్న సబ్బు నీళ్లు తాగి వాంతి చేసుకుని బయటపడ్డాడు. 1860 ప్రాంతంలో అక్కడే వృక్షశాస్త్రవేత్త బాల్‌ఫోర్ ఈ మొక్కను శాస్త్రీయంగా వర్ణించాడు. 1863 నాటికి థామస్ ఫ్రేజర్, ఆర్గిల్ రాబర్ట్‌సన్ ఈ గింజ సారం కంటి పాపను చిన్నది చేస్తుందని చూపించారు. మరుసటి ఏడాది యోబ్స్ట్, హెస్సె అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అసలు విషాన్ని వేరు చేశారు, అదే ఫైసోస్టిగ్మిన్. 1876లో లుడ్విగ్ లాక్యూర్ అనే కంటి డాక్టరు దాన్ని గ్లాకోమాకి, అంటే నీటికాసుల జబ్బుకి వాడాడు. ఆ జబ్బు ఆయనకూ ఉంది.

అది పని చేసే తీరు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నరం కండరానికి కబురు పంపేటప్పుడు అసిటైల్‌కోలిన్ అనే పదార్థం విడుదలవుతుంది, పని కాగానే దాన్ని తుడిచేయడానికి ఒక ఎంజైమ్ ఉంటుంది. కలబార్ విషం ఆ ఎంజైమ్‌ని పట్టి ఆపేస్తుంది. ఇక ఆపేవాడు లేక మోటారు తిరుగుతూనే ఉన్నట్టు కబురు వెళ్తూనే ఉంటుంది: చెమటలు, నోట్లోంచి చొంగ, కంటి పాప సూది మొనంత అవడం, కడుపులో మెలిపెట్టడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి కండరాలు చచ్చుబడటం. అదే పనిని కొలతతో చేయిస్తే మందు. మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బులో కండరానికి కబురు సరిగా అందక కనురెప్పలు కూడా ఎత్తలేరు. 1934లో లండన్ గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు అలాంటి రోగికి ఫైసోస్టిగ్మిన్ ఇస్తే, కొద్ది సేపటికి కబురు అందడం మొదలై ఆ రోగి తేరుకుంది. ఆపరేషన్ చివర కండరాల సడలింపు తీసేయడానికి మత్తు డాక్టర్లు ఇచ్చే నియోస్టిగ్మిన్, మతిమరుపు జబ్బుకి ఇచ్చే రివాస్టిగ్మిన్ ఈ అణువు నమూనా మీద తయారైనవే. మన పొలాల్లో నాగుపాము కరిచి రెప్పలు వాలిపోతున్న మనిషికి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్‌తో పాటు నియోస్టిగ్మిన్, దాని పని హద్దు దాటకుండా చూసే అట్రోపిన్ అనే మందు ఇస్తారు. కట్లపాము కాటుకి అది అంతగా పని చేయదు, అది వేరే సంగతి.

ఇంకొకరి పేరు చెప్పకుండా ఉండలేను. ఫైసోస్టిగ్మిన్‌ను 1935లో అమెరికాలో ప్రయోగశాలలో తయారు చేసి చూపించిన పర్సీ జూలియన్ నల్లజాతి శాస్త్రవేత్త, బానిసలుగా బతికినవాళ్ల మనవడు. కలబార్ ఒకప్పుడు బానిసల ఓడలు బయలుదేరిన రేవు. ఆ నేల మీద పుట్టిన గింజ గుట్టును, ఆఫ్రికా నుంచి బలవంతంగా తరలించిన మనుషుల వారసుడు విప్పాడు. మీ పేజీలో పుర్రె బొమ్మకు బదులు ఆయన ఫొటో ఉండాల్సింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రసాయన కంపెనీలు ఈ ఫైసోస్టిగ్మిన్ అణువునే నమూనాగా పెట్టుకుని కార్బమేట్ పురుగుమందులు తయారు చేశాయి. కార్బరిల్, కార్బోఫ్యూరాన్, మెథోమిల్ ఆ జాతివే. 1984 డిసెంబరులో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ కూడా కార్బరిల్ తయారీ కోసం నిల్వ పెట్టిందే. మన రైతులకు బాగా తెలిసిన మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వేరే దారిలో పుట్టాయి, కానీ అవీ ఒంట్లో పట్టుకునేది అదే ఎంజైమ్‌ని. కార్బమేట్ పట్టు గంటల్లో సడలుతుంది, వీటి పట్టు అంత తేలిగ్గా వదలదు.

మా చిన్నాన్న కొడుకు పత్తి చేలో మందు కొడుతూ పడిపోయాడు. వీపున తైవాన్ పంపు, మూతి దగ్గర లీకై చొక్కా వీపంతా తడిసి ఉంది, ముక్కుకి కండువా తప్ప ఏమీ లేదు. ఒళ్లంతా చెమట, నోట్లో చొంగ, తొడ కండరాలు చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదురుతున్నాయి. వడదెబ్బ అని ఊళ్లో వైద్యం చేసే ఒకాయన సెలైన్ ఎక్కించాడు. ఆ తడి చొక్కా అలాగే ఒంటి మీద ఉంది! పెద్దాసుపత్రికి తీసుకెళ్లాక డాక్టరు టార్చి వేసి కంటి పాప చూసి, మందు డబ్బా ఏదని అడిగి, అట్రోపిన్ మొదలుపెట్టారు. బతికాడు. కలబార్ విషానికి అట్రోపిన్ విరుగుడని ఫ్రేజర్ జంతువుల మీద ప్రయోగాలు చేసి 1870 ప్రాంతంలోనే చూపించాడు. నూట యాభై ఏళ్లుగా పుస్తకాల్లో ఉన్న సంగతి చేలో మందు కొట్టేవాడికి, అతని ఇంట్లోవాళ్లకి ఇంకా చేరలేదంటే నాకు చాలా బాధగా ఉంది. (అట్రోపిన్ లాంటివి ఉమ్మెత్తలో ఉంటాయి కదా అని ఎవరూ ఆ ఆకు పసరు జోలికి పోవద్దు. అది ఇంకో విషం. ఆ విషం ఎక్కినవాళ్లకు ఆసుపత్రిలో ఫైసోస్టిగ్మిన్ విరుగుడుగా ఇస్తారు.)

డబ్బాతో వచ్చే కాగితం మీద జాగ్రత్తలు ఉంటాయి, నిజమే, కానీ అన్ని భాషలూ కుక్కిన ఆ అక్షరాలు కళ్లజోడు పెట్టుకున్నా నాకు ఆనవు. డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే ప్రమాదమే లేదనుకునేవాళ్లను, పసుపును మామూలు రంగు అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కాబట్టి నేను అడిగేది ఇది. మీ వ్యవసాయ పేజీలో పత్తికి మందు కొట్టే రోజులు మొదలవకముందే ఒక పెట్టె కట్టి, పెద్ద అక్షరాలతో వేయండి: రంగుల అర్థం, పైన చెప్పిన లక్షణాలు, తడి బట్టలు వెంటనే విప్పి సబ్బుతో ఒళ్లు కడగాలని, కడిగేవాళ్లు చేతికి తొడుగు వేసుకోవాలని, 108కి ఫోన్ చేయాలని, మందు డబ్బా రోగితో పాటు ఆసుపత్రికి తీసుకెళ్లాలని. అలాగే పత్తి, మిర్చి పండే మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆ సీజన్‌లో అట్రోపిన్ సరిపడా ఉందో లేదో మీ విలేకరులతో వాకబు చేయించి, ఉన్నచోట ఉందని, లేనిచోట లేదని ఊరి పేరుతో సహా రాయండి.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
హనుమకొండ