ఉదయగిరి ఓటు, కర్ణాటక సీటు

సంపాదక మహాశయులకు,

నమస్కారాలు.

ముప్పవరపు వెంకయ్యనాయుడు గారి గురించి మన పత్రికలు రాసినప్పుడల్లా స్వగ్రామం చవటపాలెం నుంచి ఉపరాష్ట్రపతి పదవి దాకా సాగిన ప్రస్థానం అనే చట్రంలోనే రాస్తుంటాయి. రాజకీయ వారసత్వం లేని వ్యవసాయ కుటుంబంలో పుట్టి అంత ఎత్తుకు ఎదిగిన నాయకుణ్ణి నెల్లూరు జిల్లా వాళ్లం మెచ్చుకోకుండా ఉండలేము. అయితే ఆ ప్రస్థానం ఏ దారిన సాగిందో విప్పి చెప్పేవారు అరుదు. ఆయన శాసనసభకు ప్రజల ఓటుతో గెలిచింది రెండుసార్లు, 1978లోనూ 1983లోనూ, రెండూ ఉదయగిరి నుంచే. ఆ తర్వాత ఆయన్ను పార్లమెంటుకు పంపింది తెలుగు ఓటరు కాదు, కర్ణాటక, రాజస్థాన్ శాసనసభ్యులు.

ఆ రెండు గెలుపులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1978లో ఇందిరా కాంగ్రెస్ రాష్ట్రంలోని 294 స్థానాల్లో 175 గెలుచుకున్న గాలిలో, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లివచ్చిన ఈ విద్యార్థి నాయకుడు ముప్పయ్యేళ్లైనా నిండకుండా, మెట్ట ప్రాంతమైన ఉదయగిరిలో జనతా పార్టీ టికెట్టుపై నెగ్గారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభంజనంలో కాంగ్రెస్ దిగ్గజాలే కొట్టుకుపోగా, బీజేపీకి దక్కిన వేళ్ల మీద లెక్కపెట్టదగిన స్థానాల్లో ఉదయగిరి ఒకటి. పార్టీని చూసి కాక మనిషిని చూసి వేసిన ఓట్లవి. సభలో ఆయన, కల్వకుర్తి సభ్యుడు జైపాల్ రెడ్డి గారు పక్కపక్కన కూర్చుని ప్రభుత్వాన్ని ప్రశ్నలతో ముంచెత్తుతుంటే ఆ జంటను తిరుపతి వేంకట కవులని పిలిచేవారు. 2019 జులైలో జైపాల్ రెడ్డి గారి మరణవార్తను రాజ్యసభకు తెలియజేస్తూ ఛైర్మన్ స్థానంలో ఉన్న వెంకయ్యనాయుడు గారు కంటతడి పెట్టుకున్నారు. సిద్ధాంతాలు వేరైనా చెదరని అలాంటి స్నేహాలు ఇప్పటి శాసనసభల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమంలో ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. ఆ పోరాటంతో మరింత బలపడింది తెలుగుదేశం పార్టీ. కాంగ్రెస్‌ను కాదనుకున్న ఓటంతా అటే వెళ్లిపోయి, బీజేపీకి రాష్ట్రంలో నిలదొక్కుకునే చోటు మిగలలేదు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర అధ్యక్షుడిగా ఊరూరా తిరిగినా, 1996లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ గారి చేతిలో ఓటమి తప్పలేదు. లోక్‌సభకు ఆయన ఎన్నడూ ఎన్నిక కాలేదు.

పైకి తీసుకెళ్లింది పార్టీ నిర్మాణమే. నెల్లూరుకు వాజ్‌పేయీ వస్తున్నారంటే జట్కా ఎక్కి ఊళ్లో ప్రచారం చేసిన కుర్రవాణ్ణి తానని ఆయనే పలు సభల్లో చెప్పుకున్నారు. ఆ కుర్రవాడు 2002లో వాజ్‌పేయీ ప్రధానిగా ఉండగా బీజేపీకి జాతీయ అధ్యక్షుడయ్యారు. 1993 నుంచి జాతీయ ప్రధాన కార్యదర్శిగా, ఆపై అధికార ప్రతినిధిగా ఢిల్లీలో ఆయన సంపాదించుకున్న స్థానానికి రాజ్యసభ సీటు కావలసి వచ్చింది. సొంత రాష్ట్రంలో పార్టీకి ఆ బలం లేదు కనుక 1998లో కర్ణాటక ఇచ్చింది. మళ్లీ 2004లోనూ 2010లోనూ ఆ రాష్ట్రమే. 2016లో రాజస్థాన్.

ఆ సీట్లలో కూర్చుని ఆయన చేసిన పనిని కూడా చెప్పాలి. గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉన్న కాలంలోనే, 2000 డిసెంబరు 25న, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదాన ప్రాంతంలో 500, కొండ ప్రాంతాల్లో 250 జనాభా దాటిన ఆవాసాలకు పక్కా రోడ్డు వేయాలన్న ఆ పథకం ఉదయగిరి వంటి మెట్ట మండలాలకు ఎంత అవసరమో అక్కడి నుంచి వచ్చిన నాయకుడికి మరొకరు చెప్పనక్కర్లేదు. స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016లో పార్లమెంటు ఆమోదం పొందినప్పుడు గృహనిర్మాణ శాఖ ఆయన చేతిలోనే ఉంది.

నా అభ్యంతరమల్లా జవాబుదారీ గురించి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో విభజన బిల్లు చర్చకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఐదేళ్లు చాలదు, పదేళ్లు కావాలని గట్టిగా అడిగింది వెంకయ్యనాయుడు గారే. ఆ సమయంలో ఆయన కర్ణాటక సభ్యుడు. 2016 సెప్టెంబరులో హోదా బదులు ప్రత్యేక సాయం ప్రకటించినప్పుడు దాన్ని సమర్థించిందీ ఆయనే. అప్పటికి ఆయన రాజస్థాన్ సభ్యుడు. ఆయన ఏ మాట మీద నిలబడాలో నిలదీసే హక్కున్న తెలుగు ఓటరు చేతిలో ఆయన సీటు లేదు. ఇంకో చోద్యం చూడండి. 2014లో నిర్మలా సీతారామన్ గారు, 2016లో సురేశ్ ప్రభు గారు ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లారు. మన రాష్ట్రం సీటులో మహారాష్ట్ర నాయకుడు, రాజస్థాన్ సీటులో మన నెల్లూరు నాయకుడు!

1998 నాటికే ఉన్న ఈ దారిని ఆ తర్వాత మరింత సుగమం చేసింది చట్టమే. రాజ్యసభకు పోటీ చేసేవారు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధనను 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేసిన సవరణతో తొలగించారు, ఆ సవరణతోనే బహిరంగ ఓటింగునూ తెచ్చారు. సుప్రీంకోర్టు 2006లో రెంటినీ సమర్థించింది. శాసనసభ్యుడు తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి కనుక, అభ్యర్థి ఎవరన్నది ఇక పార్టీ అధిష్ఠానం ఇష్టం.

ఇదే పార్టీలో బండారు దత్తాత్రేయ గారి దారి వేరు. సికింద్రాబాద్ ఓటర్లు ఆయన్ను 1991, 1998, 1999లలో గెలిపించారు, 2004లోనూ 2009లోనూ ఓడించారు, 2014లో మళ్లీ గెలిపించారు. వక్తృత్వంలో వెంకయ్యనాయుడు గారికి ఆయన సరితూగకపోవచ్చు గానీ, ఓట్లు వేసిన జనం ఆయన గుమ్మం ముందు నిలబడి అడగగలిగారు.

2017లో 244 ఓట్లకు ఎదురుగా 516 ఓట్లతో ఉపరాష్ట్రపతిగా ఎన్నికైన నాయకుడి గౌరవానికి ఈ మాటలు లోపం కావని నమ్ముతున్నాను. రాజ్యసభ ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థుల పేర్లు, కులాలు, అధిష్ఠానం లెక్కలతో పేజీలు నింపే మన పత్రికలు, ఏ రాష్ట్రం సీటులో కూర్చున్న సభ్యుడు ఆ రాష్ట్రం గురించి సభలో ఎన్ని ప్రశ్నలు వేశారో కూడా ఒక పట్టికగా ప్రచురించాలని, ఆ పని మీ పత్రికే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నెల్లూరు