మూడో వారంలో రా, తల్లీ

కర్నూలు,
మే నెల, సోమవారం అర్ధరాత్రి దాటింది.

చి॥ల॥సౌ॥ అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వూ అల్లుడు గారూ బుజ్జిగాడూ క్షేమమని తలుస్తాను. ఏ ఉత్తరమైనా ఈ వాక్యంతోనే మొదలుపెట్టడం నా చేతికి చిన్నప్పటి అలవాటు. ఈసారి మాత్రం "ఇక్కడ మేము క్షేమం" దగ్గర కలం కాస్త ఆగింది. ఆగినా రాశాను. పొద్దున ఐదో కీమో ఇంజెక్షన్ ఎక్కించుకుని వచ్చినవాడు ఎంత క్షేమంగా ఉండవచ్చునో అంత క్షేమంగానే ఉన్నాను. మందుకు ముందు వాంతులు రాకుండా ఎక్కించే స్టెరాయిడ్ పుణ్యమా అని ఆ రాత్రి నాకు కునుకు పట్టదు, పైగా ఆకలి వేస్తుంది. మీ అమ్మ నిద్రపోతున్నది. ఇందాకే వంటింట్లోకి పిల్లిలా పోయి, వేయించిన చెనిక్కాయల డబ్బా సగం ఖాళీ చేసి వచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వన్న మాట గురించే ఈ ఉత్తరం. మందు విడతలను ఆసుపత్రిలో సైకిళ్ళంటారు కదా, "డాక్టరు ఎనిమిది సైకిళ్ళు అన్నారు, నాలుగు తొక్కేశాను, మిగిలిన నాలుగూ పంక్చర్ కాకపోతే చాలు" అని నేనంటే నువ్వు నవ్వలేదు. కాసేపు పలకలేదు కూడా. తరువాత, "నీ జోకులతోనే కదా నాన్నా ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం" అని ఫోను పెట్టేశావు. వెంటనే మళ్ళీ చేసి ఏడ్చావు, ఆ మాట వెనక్కి తీసుకుంటానన్నావు. వద్దు తల్లీ, తీసుకోవద్దు. ఒకసారి కొట్టిన టికెట్‌ను వెనక్కి తీసుకునే అలవాటు మా ఆర్టీసీలో లేదు. నువ్వన్నది నిజం కూడా.

పోయిన ఏడాది ఎండాకాలంలో మొదటిసారి రక్తం కనబడినప్పుడు మీ అమ్మ ఒకటికి రెండుసార్లు అడిగింది. "ముప్పై మూడేళ్ళు గుంతల రోడ్ల మీద ఆర్టీసీ బస్సులో ఎగిరెగిరి పడినవాడికి దక్కే మెడల్ ఇదేనే, మొలలంటారు" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వుతో ప్రశ్న కూడా పోయింది, నాకు కావలసిందీ అదే. బుజ్జిగాడి పుట్టువెంట్రుకలకు శ్రీశైలం పోయినప్పుడు నాలుగు మెట్లెక్కి ఆయాసంతో కూలబడితే నువ్వు అడిగావు. "కండక్టరు జనాన్ని ఎక్కించేవాడే గాని తాను ఎక్కేవాడు కాదు" అంటే నువ్వూ నవ్వావు. చివరికి హిమోగ్లోబిన్ 7.2కు పడిపోయి, మొహం సున్నం కొట్టిన గోడలా అయ్యాక గాని నేను ఆసుపత్రి గడప తొక్కలేదు. పెద్దపేగు కింది భాగంలో గడ్డ, ఆపరేషను, తీసిన 16 లింఫ్ గ్రంథుల్లో మూడింటికి పాకిందన్న రిపోర్టు, మూడో దశ, ఇవన్నీ నీకు తెలిసినవే. మొలలనుకుని నెలల తరబడి ఊరకుండేవాళ్ళు చాలామంది వస్తారని డాక్టరు చెప్పారు. అంటే ఒక బస్సు నిండా ఉంటామన్నమాట. అయినా ఆ బస్సు నేనే చెయ్యెత్తి ఆపి ఎక్కాను, ఎవరూ తోయలేదు.

అప్పుడు వేసిన జోకులు తలుపుకు గొళ్ళెం పెట్టడానికి వేసినవి. ఇప్పుడు వేసేవీ అవేనని నువ్వు భయపడుతున్నావు. కాదని ఊరికే చెబితే నువ్వెందుకు నమ్మాలి? మూడో ఇంజెక్షన్ తరువాత పదో రోజు రాత్రి జరిగింది చెబుతాను. ఒళ్ళు వెచ్చగా అనిపించి చూసుకుంటే 101 ఉంది. 100.4 దాటితే ఎంత రాత్రయినా వచ్చెయ్యమని ముందే హెచ్చరించారు. ఎందుకంటే ఈ మందులు తెల్ల కణాలను తగ్గించిన సమయంలో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా గంటల్లో మీదికి వస్తుంది. పాత నాన్న అయితే, "ఈ ఎండల్లో కర్నూలు గోడకు థర్మామీటర్ ఆనించినా 101 చూపిస్తుంది" అని చెప్పి దుప్పటి కప్పుకునేవాడు. నిజం చెబుతున్నాను, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి మీ అమ్మను లేపాను. ఆటోలో పోతుంటే రాజవిహార్ సెంటరు అంతా ఖాళీగా ఉంది. తెల్ల కణాలు బాగా పడిపోయాయని మూడు రోజులు ఉంచుకున్నారు.

ఆ మూడు రోజులూ నాకు నవ్వు రాలేదు. దాచడం దేనికి? గోడ వైపు తిరిగి పడుకున్నాను. మీ అమ్మ ఏదో చెప్పి నవ్వించబోతే "ఊరుకో" అని కసిరాను. ఆమె మారు మాట్లాడకుండా ఫ్లాస్కు మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్ళీ మళ్ళీ బిగిస్తూ కూర్చుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అలాంటి రోజులు ఇంకా వస్తాయి. అప్పుడు నువ్వు ఫోను చేసి, "ఏం నాన్నా, జోకులేవీ?" అని అడగవద్దు. అది మాత్రం నా కోరిక.

మిగతా రోజుల సంగతి వేరు. ఈ మందుల గుణమే అట్లాంటిది, నవ్వకుండా ఉండనివ్వదు. నరానికి ఎక్కించే మందు ఆక్సాలిప్లాటిన్. అది ఎక్కాక ఐదారు రోజులు చల్లనిది ఏది తాకినా వేళ్ళకు కరెంటు కొట్టినట్టవుతుంది, చల్లటి నీళ్ళు గుటక వేస్తే గొంతు బిగుసుకుపోయినట్టుంటుంది. దానితో పాటు రెండు వారాలు పొద్దునా రాత్రీ భోజనం అయిన అరగంట లోపల వేసుకోవలసిన మాత్రలు కాపిసిటబిన్. వాటివల్ల అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి పొట్టు లేస్తాయి గనుక వేడి తగలనివ్వకూడదు. అంటే ఒక మందు చల్లనిది వద్దంటుంది, రెండోది వేడిది వద్దంటుంది. నడుమ నేను గోరువెచ్చగా బతకాలి. అది కూడా ఎక్కడ? మే నెల కర్నూలులో! ఊరంతా కుండనీళ్ళ కోసం, మంచుముక్క కోసం అల్లాడుతుంటే, నేను ఫ్రిజ్ తలుపు తీయడానికి చేతికి ఉన్ని మేజోడు తొడుక్కుంటున్నాను. పక్కింటాయన చూసి కాశ్మీరు ప్రయాణమా అని అడిగాడు.

పోయిన నెల నాలుగో ఇంజెక్షన్ అయిన మూడో రోజు సాయంత్రం, మీ అమ్మ వద్దంటున్నా వినకుండా వీధి చివర నన్నారి షర్బత్ బండి దగ్గరకు పోయాను. రోజూ చూసే మనిషే. మెడకు మఫ్లరు చుట్టుకుని నిలబడి, "ఐసు లేకుండా, గోరువెచ్చని నీళ్ళతో ఒక నన్నారి కలుపు" అన్నాను. అతను గ్లాసులో నన్నారి రసం పోసి, నిమ్మకాయ సగం పిండి, అక్కడే ఆగిపోయాడు. నిమ్మచెక్క వేళ్ళ మధ్యనే ఉంది. నా మొహం చూశాడు, మఫ్లరు చూశాడు, నేను తీసుకుపోయిన ఫ్లాస్కు చూశాడు. "సార్, ఇరవై ఏళ్ళ నుంచి బండి పెట్టుకున్నా, ఈ మాట ఎవరూ అడగలే" అన్నాడు. సంగతి చెప్పాను. చెప్పేసరికి అతను చెయ్యి కడుక్కుని, గ్లాసు కూడా ఇంకోసారి వేడినీళ్ళతో కడిగి, నా ఫ్లాస్కు నీళ్ళు పోసి కలిపి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. దాని రుచి ఎట్లుందంటావా, తియ్యటి కషాయం. పూర్తిగా తాగాను, అతను చూస్తున్నాడు మరి.

రుచి మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మొదటి వారంలో ఉగ్గాని తిన్నా, జొన్నరొట్టె ఊరుబిండి తిన్నా ఒకటే రుచి, నోట్లో రూపాయి బిళ్ళ పెట్టుకున్నట్టు. ముప్పై మూడేళ్ళు చిల్లర లేదని జనంతో పోట్లాడినవాడికి దేవుడు నోటి నిండా చిల్లర ఇచ్చాడు. వాంతి గురించి అయితే నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. ఆత్మకూరు దాటి నల్లమల మలుపుల్లో పడగానే సగం బస్సుకు నిమ్మకాయలు పంచినవాడిని. ఇప్పుడు ఇంజెక్షన్ కుర్చీలో జేబులో నిమ్మకాయ పెట్టుకుని కూర్చుంటాను. వాసన చూడాలని కాదు, అది ఉంటే డ్యూటీలో ఉన్నట్టుంటుంది.

అక్కడ నా పక్క కుర్చీ జొన్నగిరి వైపు నుంచి వచ్చే ఒకామెది. తొలకరి పడగానే జనం వజ్రాలు వెతుక్కోవడానికి వచ్చే పొలాలు ఉన్న ఊరు కదా. "మా చేన్లో వానొస్తే ఎవరెవరికో రాళ్ళు దొరుకుతాయన్నా, నా కడుపులో ఇంతమంది డాక్టర్లు వెతికి గడ్డ తీసినారు గాని ఒక్క వజ్రమూ దొరకలే" అన్నదొకసారి. సెలైన్ సీసా మార్చడానికి వచ్చిన నర్సమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారినా ఆమె నోట అది ఆరోగ్యశ్రీయే. 2007లో మొదట మూడు జిల్లాల్లో పెట్టినప్పుడు అనంతపురం వాళ్ళకిచ్చి మనకు ఇవ్వలేదని నేటికీ అలక. ఆమెకు నాకంటే రెండు సైకిళ్ళు ఎక్కువ అయ్యాయి కాబట్టి నాకు సీనియర్. వేళ్ళకు కొబ్బరినూనె ఎప్పుడు రాయాలో ఆమెనే అడుగుతాను.

వేళ్ళంటే గుర్తొచ్చింది, నీకు ఫోనులో చెప్పని సంగతి ఇదొక్కటే. పెన్షన్‌కు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం గడువు దగ్గర పడిందని బళ్ళారి చౌరస్తా దగ్గర ఒక కేంద్రానికి పోయాను. బొటనవేలు పెట్టాను, సరిపోలలేదు. చూపుడువేలు, సరిపోలలేదు. పదివేళ్ళూ అయ్యాయి. మాత్రలకు పొట్టు లేచి లేచి గీతలు అరిగిపోయాయి. ఆ కుర్రవాడు తెర చూసి, నన్ను చూసి, "తాతా, మిషను ప్రకారం మీరు మీరు కాదు" అన్నాడు. బతికే ఉన్నానని చెప్పుకోవడానికి పోయినవాడికి ఎంత మాట! డాక్టరుకు చెబితే ఆయన నవ్వి, ఇవే మాత్రలు వాడుతున్న సింగపూరు మనిషి ఒకాయనను 2008లో అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు లేవని నాలుగు గంటలు ఆపేశారని చెప్పారు. ఆయన అమెరికాలో ఆగాడు, నేను బళ్ళారి చౌరస్తాలో ఆగాను, ఎవరి స్థాయి వారిది. 2021 నుంచి ముఖం చూపించి కూడా ఈ పని చేసుకునే ఏర్పాటు ఉందట. మరునాడు మళ్ళీ పోతే ఫోను నా మొహానికి ఎదురుగా పట్టి, "కళ్ళు ఆర్పండి" అన్నాడు. ఆర్పాను. పచ్చగా టిక్కు పడింది. రెప్ప ఆడితే బతికున్నట్టే, ఇంకో ఏడాదికి ప్రభుత్వం ఒప్పుకున్నది.

చూడడానికి వచ్చేవాళ్ళతో మాత్రం కొంచెం ఇబ్బంది. నా జుట్టు పలచబడిందే గాని ఊడలేదు. అది చూసి కొందరు చిన్నబుచ్చుకుంటారు, టికెట్ కొన్నా సీటు దొరకనివాళ్ళలా. జబ్బు పేరు ఎవరూ పలకరు, "అదే" అంటారు. మా నాయనమ్మ కాలంలో రాచపుండు అనేవారు. నాకు ఆ పేరే నచ్చింది, కండక్టరు కొలువులో రాని రాచరికం ఇందులోనైనా వచ్చింది కదా. మీ చిన్నమామ లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగమని సంచి నిండా తెచ్చాడు. "లక్ష్మణుడు పడిపోతే లేపడానికి హనుమంతుడు కొండనే మోసుకురావలసి వచ్చింది, ఆయన పేరున్న పండు నన్నెట్లా లేపుతుంది బావా?" అన్నాను. ఈ మందుల మీద ఆకు పసరులు తాగితే కాలేయానికి ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పారు గనుక సంచి అట్లాగే ఉంది. అతని మనసు నొప్పించకుండా కాదనడానికి నాకు ఆ జోకు తప్ప దారి కనబడలేదు.

ఇకమీదట మనిద్దరి మధ్య ఒక పద్ధతి పెట్టుకుందాం. ముందు లెక్క, తరువాతే జోకు. నిన్నటి లెక్క ఇది: హిమోగ్లోబిన్ 10.4, తెల్ల కణాలు 5,200, ప్లేట్‌లెట్లు 1,38,000, బరువు 58 కిలోలు. కాలివేళ్ళ తిమ్మిరి పోయినసారి కంటే కొంచెం ఎక్కువైంది, చెప్పాను, ఈసారి మందు మోతాదు కొంత తగ్గించారు. ఇందులో ఒక్క అంకె దాచినా, మీ అమ్మను అడిగి తెలుసుకుని నన్ను ఎంత మాటైనా అను.

నీ లెక్క కూడా ఒకటుంది. తండ్రికి ఈ జబ్బు వచ్చింది గనుక పిల్లలు నలభై నిండేసరికి కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. నీకు ఇంకా ఆరేళ్ళ టైముంది, కాని రక్తం కనబడితే ఆరేళ్ళూ లేదు, ఆరు రోజులూ లేదు. ముందు రోజు తాగించే ఉప్పునీళ్ళ మందు ఒక్కటే కష్టం. దాని గురించి నా దగ్గర మంచి జోకులున్నాయి, రిపోర్టు నా చేతికి ఇచ్చాక చెబుతాను.

సెలవు పెట్టి వస్తానన్నావు. ఈ వారం రావద్దు. వస్తే గోరువెచ్చని నీళ్ళూ, నిద్ర లేని నాన్నా తప్ప ఏమీ ఉండవు. మూడో వారంలో రా. మాత్రలకు అప్పుడు సెలవు, నోట్లో చిల్లర కూడా అయిపోతుంది, వేళ్ళు గ్లాసు పట్టుకుంటాయి. నన్నారి బండి అతనికి చెప్పి ఉంచాను, బిడ్డ వస్తుందని. నీకు ఐసు ఎంత కావాలో అంత, నాకు ఒక్క ముక్క.

ఇట్లు,
మీ నాన్న