నవధాన్యాల విత్తనాలు వానకు ముందే ఇప్పించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా అర్జీలకు జవాబు రాలేదు కనుక నలుగురి ముందు రాస్తున్నాం.

2016లో రాష్ట్రం మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయాన్ని నమ్మి, మా రాయలసీమ మెట్ట చేలల్లో రసాయనాలు మానేశాం. ఇందులో ఆయువుపట్టు వానకు ముందు నవధాన్యాలు చల్లడం. అలసంద, జొన్న, సజ్జ, ఆముదం లాంటి గింజలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే ఎండు ఎరువు) పట్టించి పొడి దుక్కిలోనే వేస్తాం. పైన వేరుశనగ పొట్టు కప్పితే ఒక్క జల్లుకే పచ్చబడతాయి. నేల మాడదు, పశువులకు మేత దొరుకుతుంది.

ఈ ఏడు ఆ విత్తనాలు వేరుశనగ వేసే వేళకు వచ్చాయి. అప్పుడు వాటితో ఏం చేయాలండీ? మేత లేక కొందరు ఆవులను సంతకు తోలారు. యూరియాకు బదులు వాడే ద్రవ ఎరువు జీవామృతం. ఎకరాకు సరిపడా చేయాలంటే 10 కిలోల పేడ కావాలి. ఆవు పోయాక పేడ ఎక్కడిది? మళ్లీ యూరియా, మళ్లీ అప్పు. అదీ ఎక్కువగా డ్వాక్రాలో ఆడవాళ్ల పేరు మీదే. వాయిదా రోజు టెన్షన్ వాళ్లది.

వచ్చే ఏడాది ఏప్రిల్ 15లోగా విత్తనాలు ఊళ్లకు చేరేలా లిఖితపూర్వకంగా ఉత్తర్వులివ్వండి. కుదరకపోతే ఆ విత్తనాలకయ్యే డబ్బు మార్చిలోనే మహిళా సంఘాలకు ఇప్పించండి, గింజలు మేమే సేకరించుకుంటాం.

ఇట్లు,
ప్రకృతి వ్యవసాయ రైతుల తరఫున ఒక రైతు