మైక్‌సెట్ అన్నకు థాంక్స్

పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు, కానీ తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీది గదికి వచ్చి నా మొదటి ఆల్బమ్‌ను గట్టెక్కించిన అన్నకు నలుగురి ముందు థాంక్స్ చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. గంగజాతరకు మైక్‌సెట్లు కట్టే మనిషి. స్టూడియో చదువులేవీ చదవలేదంటారు, ఆ చెవి మాత్రం మామూలుది కాదు.

ఆ గదిలో ఏ పాట పాడి రికార్డు చేసినా వెనకాల గుయ్‌మని ఒకటే హమ్. కొత్త ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె) కొనమన్నవాళ్లున్నారు, ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమన్న మహానుభావులూ ఉన్నారు (షాక్ కొడితే వాళ్లొస్తారా?). అన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని, "ఇది కరెంటు గొంతు నాయనా, 50 హెర్ట్జ్" అన్నారు. లాప్‌టాప్ ఛార్జర్ ఒక గోడకు, స్పీకర్లు ఇంకో గోడకు. రెండు దారుల్లో ఎర్త్ అయ్యి మధ్యలో లూప్ పడుతోందట, అందులో తిరిగే కరెంటే హమ్‌గా వినిపిస్తోందట. అన్నీ ఒకే బోర్డుకు పెట్టించారు, హమ్ మాయం. అంతటితో ఆగారా, మంచం మీది బొంత లాగి నా వీపు వెనక దండేనికి వేలాడదీశారు, ఎందుకంటే నా కండెన్సర్ మైకు ముందువైపే ఎక్కువ వింటుంది, నా వెనక గోడకు కొట్టి తిరిగొచ్చే శబ్దం నేరుగా అందులోకే పోతుంది.

డబ్బులిస్తే తీసుకోలేదు. "ఫ్యాను ఆపి పాడు" అని కాఫీ తాగి మెట్లు దిగిపోయారు.

అన్నా, పాటలన్నీ మళ్లీ పాడేశాను. క్రెడిట్స్‌లో 'మైక్‌సెట్ అన్న' అని వేస్తున్నా, దానికి మాత్రం అడ్డు చెప్పొద్దు.